చేసినవా, చేసేవా

హైదరాబాద్ మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో, ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఒక టీ బండి ఉంది. సాయంత్రం అయిదింటికి అక్కడ నిలబడితే చెవులకి మేతే మేత.

"కోడ్ పుష్ చేసినవా?"

"పొద్దున్నే చేసేశాను."

"మరి టెస్టింగ్ వాళ్లకి చెప్పేవా?"

"చెప్పినా గానీ, వాళ్లింకా మెయిల్ చూడలేదంట."

కోడ్, పుష్, టెస్టింగ్, మెయిల్. ఈ నాలుగు మాటలూ అందరివీ, అంటే ఎవరివీ కావు. ఊరు క్రియ చివర దాక్కుంది. 'చేసినవా' అన్నవాడిది కరీంనగర్ వైపు. 'చెప్పేవా' అన్నమ్మాయిది శ్రీకాకుళం. 'చెప్పినా గానీ' అన్నతను కడప నుంచి వచ్చాడు. ఇంగ్లీషు ఎంత కలిసినా చివరి రెండక్షరాలు జిల్లా పేరు చెప్పేస్తాయి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆఫీసు మీద నేను రాసిన మొదటి కథలో ఒక టీమ్ లీడర్ తన కింద పనిచేసే కుర్రాడిని "నిన్న పంపిన ఫైలులోని దోషాన్ని సరిచేశావా?" అని అడుగుతాడు. మాదాపూర్‌లోనే కాదు, భూగోళం మీద ఎక్కడా ఎవరూ అలా అడగరు. చదివిన మిత్రుడు కథ తిరిగిచ్చేస్తూ, "పాత్రలు నలుగురు, గొంతు మాత్రం ఒక్కటే. పేర్లు కొట్టేస్తే ఎవరు ఎవరో నువ్వైనా చెప్పగలవా?" అన్నాడు. చెప్పలేకపోయాను.

అప్పుడు వెనక్కి వెళ్లి చూడాల్సొచ్చింది, అసలు తెలుగు కథల్లో మనుషులు మనుషుల్లా మాట్లాడటం ఎప్పుడు మొదలైందా అని.

1878 నాటి వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర'లో కథ చెప్పేదీ గ్రాంథికమే, పాత్రలు మాట్లాడేదీ గ్రాంథికమే. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1897లో, రెండు నాటకాలు అచ్చయ్యాయి. ఒకటి వేదం వేంకటరాయ శాస్త్రి 'ప్రతాపరుద్రీయం'. సంస్కృత నాటకాల్లో రాజులు సంస్కృతం, స్త్రీలూ సేవకులూ ప్రాకృతం మాట్లాడినట్టే, ఆయన పెద్ద పాత్రలకి గ్రాంథికం, చాకలి పేరిగాడి లాంటి వాళ్లకి వాడుక మాట ఇచ్చాడు. దీన్ని 'పాత్రోచిత భాష' అన్నారు. పండితుల్లో దీనిమీద పెద్ద గొడవే నడిచింది. రెండోది గురజాడ 'కన్యాశుల్కం'. 1892లోనే విజయనగరంలో ఆడిన నాటకం అది. ఇందులో అంతస్తుని బట్టి భాష మారదు. అందరూ మాట్లాడే మాటే మాట్లాడతారు, అయినా ఎవరి మాట వాళ్లదే. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశాడు. ఇవాళ మనం చదివే మధురవాణి చాలావరకు ఆ రెండో కూర్పులో పెరిగిన మధురవాణే.

నాకు పనికొచ్చిన పాఠం ఆ నాటకంలోని గిరీశం దగ్గర దొరికింది. అతను ఇంగ్లీషు కలుపుతాడని అందరికీ తెలుసు. ఎవరి దగ్గర ఎంత కలుపుతాడో చూడాలి. శిష్యుడు వెంకటేశం ముందు దంచేస్తాడు. వెంకటేశం అక్క బుచ్చమ్మ దగ్గరికి వచ్చేసరికి స్వరమే మారిపోతుంది. అంటే మాట, మాట్లాడేవాడి ఊరిని బట్టే కాదు, వినేవాడిని బట్టి కూడా పుడుతుంది. మా టీమ్ లీడర్ ఒకాయన క్లయింట్ కాల్‌లో "ష్యూర్, వీ విల్ షేర్ బై ఈఓడీ" అని మ్యూట్ నొక్కి, రెండో ఫోనులో "ఆఁ అమ్మా, తిన్న. పప్పుచారే. నువ్వు గోలీ ఏసుకున్నవా?" అన్నాడు. రెంటికీ మధ్య మూడు సెకన్లు కూడా లేవు. నా కథలో లేనిది ఆ మూడు సెకన్లే.

1910లో వచ్చిన గురజాడ కథ 'దిద్దుబాటు' అయితే, అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మొగుడు తలుపు దగ్గర పిలిచే పిలుపుతోనే మొదలవుతుంది. ఉపోద్ఘాతం లేదు, వర్ణన లేదు. ఆ తర్వాత శ్రీపాద గోదావరి ఇళ్ల మాటని, విశాఖలో ప్లీడరీ చేసిన రావిశాస్త్రి అక్కడి బక్క మనుషుల మాటని, నామిని చిత్తూరు పల్లె మాటని అచ్చులోకి తెచ్చారు. తెలంగాణ మాట దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో, పాకాల యశోదారెడ్డి కథల్లో నిండుగా వినిపించింది.

సినిమా మాత్రం చాలాకాలం వేదం వారి సూత్రాన్నే నమ్ముకుంది, ఆ సంగతి దానికి తెలియకపోయినా. హీరోకి కోస్తా మాట, రౌడీకీ నవ్వించేవాడికీ తెలంగాణ యాస. 'మా భూమి' లాంటివి ఏవో కొన్ని తప్ప అదే తంతు. ప్రాకృతం పోయి ఆ చోటికి యాస వచ్చిందంతే. 2016లో 'పెళ్లిచూపులు' హైదరాబాద్ కుర్రాళ్ల మాటని అలాగే తెర మీదికి తెచ్చింది, సంభాషణలకి తరుణ్ భాస్కర్‌కి జాతీయ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల కథానాయికగా తన యాసలోనే కొట్లాడింది, తన యాసలోనే ప్రేమించింది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పటి నుంచీ అన్ని జిల్లాల పిల్లలూ ఇక్కడ ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతున్నారు. ఆ లిఫ్టులో వినపడేది తెర దాకా రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

నేను కథ తిరగరాశాను. ఆరు నెలలు టీ బండి దగ్గర విన్నవన్నీ ఫోన్‌లో రాసుకుని, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పక్కన గుర్తు పెట్టుకున్నాను. విన్నది విన్నట్టు దించితే అదీ చదవబుద్ధి కాలేదు. సగం వాక్యాలు తెగిపోతాయి, ఒకే మాట మూడుసార్లు వస్తుంది. యాసని ప్రతి అక్షరం మీదా చల్లితే వేషంలా కనపడింది. కోసి, ఏరి, ఒక్కొక్కరికి రెండు మూడు మాటలే ఉంచాను. పేర్లన్నీ తీసేసి మిత్రుడికిచ్చాను. ముగ్గురిని టక్కున పట్టేశాడు. నాలుగోవాడి దగ్గర ఆగిపోయాడు.

"వీడిది ఏ ఊరూ కాదు. పేపరు చదువుతున్నట్టున్నాడు."

నాలుగోవాడిది గుంటూరు. నాదీ గుంటూరే. కృష్ణా గోదావరి గుంటూరు జిల్లాల మాటే పత్రికల్లో ప్రమాణమై కూర్చోవడంతో, మా మాటకి యాస ఉందని మాకు చిన్నప్పటినుంచీ ఎవరూ చెప్పలేదు. ఊరందరి గొంతులూ విన్నాను గానీ నాది వినలేదు.

ఆ సాయంత్రం డబ్బులిస్తుంటే టీ బండాయన అడిగాడు.

"అన్నా, మీది ఆంధ్రానా?"

"ఎట్లా కనిపెట్టావు?"

"రోజూ వస్తరు, రోజూ టీ అంటరు. ఈడ చాయ్ అంటరు గద."