మార్ఫిన్ భయం: చట్టం నుంచి రోగి మంచం దాకా

గసగసాల పచ్చికాయకు గాట్లు పెట్టి, మర్నాడు పొద్దున గీకి తీసే పాలు గట్టిపడితే నల్లమందు అవుతుంది. అందులోని ప్రధాన ఔషధాంశమైన మార్ఫిన్‌ను 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో జర్మన్ ఔషధ తయారీదారు సెర్ట్యూర్నర్ వేరుచేశాడు. మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్, రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ ప్రాంతాల రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండించే నల్లమందు విదేశీ ఔషధ కర్మాగారాలకు దశాబ్దాలుగా ఎగుమతి అవుతూ వచ్చినా, అదే దేశంలోని క్యాన్సర్ రోగుల్లో అత్యధికులకు మార్ఫిన్ అందలేదు. ఈ వైపరీత్యానికి మూలం కొరత కాదు, వ్యసనమవుతుందన్న భయం. ఆ భయానికి బలం వైద్యానుభవం నుంచి కాక చట్టం నుంచి వచ్చింది.

బ్రిటిష్ పాలనలో నల్లమందు ప్రధానంగా ఆదాయ వనరు. 1857, 1878 నాటి చట్టాలు సాగును, అమ్మకాన్ని సర్కారు చేతిలో ఉంచాయి. 1893లో ఏర్పడిన రాయల్ కమిషన్ కూడా నిషేధం అవసరం లేదనే తేల్చింది. స్వాతంత్ర్యానంతరం అంతర్జాతీయ ఒప్పందాల ప్రభావంతో దృష్టి ఆదాయం నుంచి నేరం వైపు మళ్లి, 1985లో ఎన్‌డీపీఎస్ చట్టంగా, అంటే మాదకద్రవ్యాలు, మనోప్రేరక పదార్థాల చట్టంగా రూపుదిద్దుకుంది. వైద్య వినియోగాన్ని ఆ చట్టం నిషేధించలేదు గాని, తీవ్ర నేరాలకు కనీసం పదేళ్ల జైలుశిక్షను విధించి, అనుమతుల వ్యవహారాన్ని రాష్ట్రాల నియమాలకు వదిలేసింది. దాంతో పొరుగు రాష్ట్రం నుంచి కొద్దిపాటి మార్ఫిన్ తెప్పించుకోవాలన్నా నిల్వకు, దిగుమతికి, ఎగుమతికి, రవాణాకు వేర్వేరు అనుమతిపత్రాలు అవసరమయ్యాయి. చివరి పత్రం చేతికొచ్చేసరికి మొదటిదాని గడువు తీరిపోవడం పరిపాటి కావడంతో, చాలా ఆసుపత్రులు ఆ మందునే వదులుకున్నాయి. 1985 నుంచి 1997 వరకు దేశంలో మార్ఫిన్ వినియోగం సుమారు 97 శాతం పడిపోయి, ఏడాదికి 18 కిలోలకు చేరింది.

మందు కనుమరుగైన కొద్దీ దాన్ని వాడే నేర్పూ మరుగునపడి, ఆ మందు పేరు వింటేనే వైద్యులు, రోగి బంధువులు జంకే స్థితి ఏర్పడింది. వైద్యశాస్త్రం మాత్రం రెండు స్థితులను విడదీసి చూస్తుంది: కొన్నాళ్లు వాడిన మందును హఠాత్తుగా ఆపితే చెమటలు, వణుకు, విరేచనాలు కలగడం శరీరం దానికి అలవాటుపడటం, ఆ లక్షణాలను మోతాదు క్రమంగా తగ్గిస్తూ నివారించవచ్చు; హాని జరుగుతున్నా మానలేక మందు కోసం వెంపర్లాడటం వ్యసనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ కూడా ఉన్న మూడంచెల చికిత్సను ప్రకటించి, నోటి ద్వారా, వేళ తప్పకుండా మందు ఇవ్వాలని సూచించింది.

ఆ పద్ధతికి కేరళలోని కోళికోడ్ ప్రయోగశాల అయింది. అక్కడ 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, సహచరులు ప్రారంభించిన ఉపశమన చికిత్సా కేంద్రం, అంటే నయంకాని జబ్బులో బాధను తగ్గించే వైద్యాన్ని అందించే కేంద్రం, మార్ఫిన్ మాత్రలను రోగుల ఇళ్లకే ఇచ్చి పంపింది. రెండేళ్లలో అలా మందు పొందిన 1,723 మంది విషయంలో దుర్వినియోగం గాని, మందు పక్కదారి పట్టడం గాని కనబడలేదని 2001లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం నమోదు చేసింది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన చికిత్సా విభాగం తెలుగునాట ఈ వైద్యానికి ముఖ్యకేంద్రమైంది.

అయినా భయం పూర్తిగా నిరాధారమని చరిత్ర చెప్పదు. అమెరికాలో 1980లో వెలువడిన ఒక చిన్న లేఖ, ఆసుపత్రిలో ఈ తరహా మందులు పొందిన 11,882 మందిలో నలుగురికే వ్యసనం కలిగిందని పేర్కొనగా, దాన్ని దీర్ఘకాలిక వాడకానికీ వర్తింపజేసి, 1996లో విపణిలోకి వచ్చిన నొప్పి మందు ఆక్సికాంటిన్‌ను విచ్చలవిడిగా అమ్మిన ఫలితంగా లక్షలాది మంది వ్యసనం పాలయ్యారు. ఒకచోట భయమే విధానమై నొప్పిని గాలికొదిలేసింది, మరోచోట లాభాపేక్ష జాగ్రత్తను గాలికొదిలేసింది. కోళికోడ్ అనుభవంలో రోగిని ఎరిగిన వైద్యుడు, లెక్క తప్పని మందు రిజిస్టరు, ఇంటిదాకా సాగే పర్యవేక్షణ కలిసి రెండు ప్రమాదాలనూ అదుపులో పెట్టాయి.

2014లో పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి, మార్ఫిన్ వంటి అత్యావశ్యక మందులకు దేశమంతటా ఒకే నియమావళిని, ఆసుపత్రులకు ఒకే అనుమతిని ఏర్పాటు చేసింది. అయితే మార్ఫిన్ మాత్ర రాయకుండానే చదువు ముగించిన తరాల వైద్యులకు ఆ మందుపై నమ్మకం కలిగించడం శాసనంతో అయ్యే పని కాదు, అది వైద్య కళాశాలల వార్డుల్లో జరగవలసిన బోధన.