నక్షాలో లేని షెడ్డు

'పంక్చర్లు అంటించుకునేవాళ్ళు' అని మమ్మల్ని తేలిగ్గా తీసిపారేస్తారు. ఆ పంక్చరు షాపు నడవాలన్నా ఒక సర్కారు కాయితం కావాలి. ఆ కాయితం దొరక్కపోవడం వెనక కూడా మా చరిత్ర ఉంది.

1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో హైదరాబాదు రాజ్యంలో మొదలైంది. రోడ్లమీద మోటారు బండ్లు పెరిగేకొద్దీ వాటిని విప్పి బిగించే చేతులూ పెరిగాయి. ఆ విద్య ఏ కాలేజీలోనూ దొరకలేదు. ఉస్తాద్ దగ్గర షాగిర్దు నేర్చుకున్నాడు. పానా, పేచ్‌కస్, హతోడా - ఇవే అతని అక్షరాలు. 1948 పోలీసు చర్య తర్వాత ఎందరో ముస్లింలు కొలువులు పోగొట్టుకున్నారు. దఫ్తర్లలో ఉర్దూకి చోటు పోయింది. ఉద్యోగం పోయినవాళ్ళంతా మెకానిక్కులయ్యారని నేననను. కానీ సర్కారు కొలువు అందని ఇంటి పిల్లవాడికి సర్టిఫికెట్ అడగని చోటు షెడ్డే. ముస్లిం కార్మికులు ఎక్కువగా కనిపించే పనుల్లో వాహనాల రిపేరు ఒకటని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా చెప్పింది.

ఇక కాయితం సంగతి. 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం, 521వ సెక్షన్ కింద కొన్ని వృత్తులకి లైసెన్సు తప్పనిసరి చేసింది. 1975లో నగరానికి మాస్టర్ ప్లాన్ వచ్చింది. ఆ ఏడే హుడా పుట్టింది. ఇది నివాసం, ఇది వ్యాపారం, ఇది పరిశ్రమ అని నక్షామీద గీతలు పడ్డాయి. మా బస్తీల్లో ఆ గీతలు ఎక్కడ పడతాయి? ముందు మల్గి, వెనక ఇల్లు, మధ్యలో సందులో స్కూటర్లు. పాత షెడ్లు కొన్ని నక్షాకంటే ముందే ఉన్నాయి. అయినా తప్పు షెడ్డుదే అయింది. లైసెన్సుకి వెళితే స్థలం కాయితం తెమ్మంటారు. స్థలం మాలిక్‌ది, ఉస్తాద్ కిరాయిదారు. కిరాయి మాటమీద నడుస్తుంది, మాటకి రసీదు ఉండదు.

పొరుగువాళ్ళ ఫిర్యాదు అబద్ధమని కాదు. సుత్తి మోత, పెయింటు వాసన, మోరీలో కలిసే ఆయిలు ఎవరికైనా బాధే. అందుకే విజయవాడలోనూ, హైదరాబాదులోనూ ఆటోనగర్లు వెలిశాయి. లారీలు బాగుచేసేవాళ్ళకి అవి మేలు చేశాయి. ప్లాటు కొనే స్తోమత లేనివాడి సంగతేమిటి? బ్రేకు వైరు తెగిన స్కూటరుని ఊరవతలికి ఎవరు నెట్టుకుపోతారు?

కాయితం లేనివాడికి బ్యాంకు అప్పివ్వదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు నష్టపరిహారం అడిగే ధైర్యం అతనికి ఉండదు. ఇక నోటీసు వస్తే అంతే. తరతరాలుగా పని చేసినవాడు ఒక్కపూటలో ఆక్రమణదారుడైపోతాడు. మా గుర్తింపు గురించి మసీదు దగ్గరా బురఖా దగ్గరా చర్చలు పెడతారు. ఈ షెడ్డు దగ్గర కూడా పెట్టండి. నక్షాకి ముందునుంచి ఉన్న పనిని నమోదు చెయ్యండి. మోతకీ ఆయిలుకీ నియమాలు పెట్టండి, పాటిస్తాం. కిరాయిదారుడికి కూడా కాయితం ఇవ్వండి.

నోటీసు ఇవ్వడానికి వచ్చిన జీపు సందులో ఆగిపోతే, దాన్ని నెట్టుకొచ్చేది ఆ షెడ్డు దగ్గరికే కదా!