క్రైస్తవుల ఓటు పెట్టె

ఎన్నికలు దగ్గరపడగానే మన మందిరములకు క్రొత్త అతిథులు వచ్చెదరు. ముందు చాపమీద కూర్చుండి, “అయ్యగారూ, మీ సంఘము ఓట్లన్నియు మాకే వేయించవలెను” అందురు. నన్నును అడిగిరి. సంఘమునకు ఓటున్నదా? ప్రియ చదువరులారా, ఒకప్పుడు ఇంచుమించు ఉండెను.

1932లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన ఏర్పాటును, 1935 చట్టమును మన దేశ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గముల నిచ్చినవి. మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో 8 మనవి. నిలుచువారును క్రైస్తవులే, ఓటువేయువారును క్రైస్తవులే. ఆస్తియో చదువో ఉన్నవారికే నాడు ఓటు గనుక, పల్లె విశ్వాసులలో అనేకులకు ఆ పెట్టెతో పనిలేకపోయెను.

మన పెద్దలు ఏకమనస్సుతో లేరు. 1931లో లండను రౌండు టేబులు సమావేశమందు పన్నీరుసెల్వముగారు ప్రత్యేక ఓటు కోరగా, ఎస్.కె. దత్తాగారు వలదనిరి. మన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారును వలదనినవారే. ఆయన పల్లెపల్లె తిరిగినవారు. ఆ దినములలో దళిత పల్లెలలో వేలకొలది బాప్తిస్మములు జరుగుచుండెను. సంఘమును ఒక కులమువలె లెక్కించినయెడల, బాప్తిస్మము పొందు ప్రతివాడును పొరుగువాని కంటికి ఒక ఓటుగానే అగపడును. సువార్తికుడు ఓట్లు పోగుచేయువాడగును. దావీదు జనసంఖ్య వ్రాయించిన సంగతి మనమెరుగుదుము గదా!

అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. తరువాత రాజ్యాంగసభ ప్రత్యేక ఓటును తీసివేసి, కొన్ని స్థానములు మాత్రము మనకు ఉంచదలచెను. 1949 మేలో బెంగాలు క్రైస్తవుడైన హెచ్.సి. ముఖర్జీగారే అవియు వలదని సలహా సంఘములో తీర్మానము తెచ్చిరి. అది ఘనకార్యమని నా నమ్మకము.

అయినను ఒక మాట దాచరాదు. వదలుకొన్నవారు చదువుకొన్న పట్టణపు పెద్దలు. పల్లెవారిని అడిగినవారు లేరు. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే షెడ్యూల్డు కులములుగా ఎంచెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరువబడెను. దళిత క్రైస్తవునికి తెరువబడలేదు. తన పల్లెవారికి ప్రత్యేకించిన స్థానమునకు అతడు నిలువజాలడు. ఘనకార్యపు ఖర్చు ఎవరిమీద పడెనో చూడుడి.

ఆ అతిథితో నేను, “సంఘమునకు ఓటు లేదండీ, వీరికి ఒక్కొక్కటి ఉన్నది, వీరినే అడుగుడి” అంటిని. ఆయన లేచి అడిగిరి. వెనుకనున్న ఒక ముసలితల్లి, “మా సమాధుల దొడ్డికి దారి ఎప్పుడిప్పిస్తావు నాయనా?” అనెను.