తేరు వీధిలో కారు: బండిని కదిపినవారి బాధ్యత



మదురైలో చిత్తిరై తిరునాళ్లు, కోయంబత్తూరులో కోనియమ్మన్ తేరు దగ్గర పడితే మనవాళ్లలో ఒక మాట తప్పకుండా లేస్తుంది. "నో పార్కింగ్ బోర్డు లేదు, ఎవరికీ అడ్డం లేదు, సరిగ్గానే పెట్టినాము. తిరిగి వచ్చి చూస్తే కారు లేదు. ఇది న్యాయమా?" దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఆ వీధులు ఎందుకు వేసినారో, వాటిమీద అధికారం ఎవరి చేతికి వచ్చిందో, చట్టం ఏమంటుందో వరుసగా చూద్దాం.

మొదట మదురై. మీనాక్షి గుడి చుట్టూ వీధులు చదరం బయట చదరంగా ఉంటాయి. గుడి ప్రాకారం లోపల ఆడి వీధులు. బయట చిత్తిరై, ఆవణి మూల, మాసి వీధులు. అన్నీ నెలల పేర్లే, ఉత్సవాలను బట్టి వచ్చినవే. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల కాలంలో మన పెద్దలు ఎందరో ఈ సీమకు వచ్చి నిలిచినారు. ఆ వంశంలో తిరుమల నాయకుడు (1623–1659) మాసి నెలలో జరిగే తేరును చిత్తిరై నెలకు మార్చినాడని చెప్తారు. నెల మారింది, దారి మారలేదు. అందుకే నేటికీ చిత్తిరై తేరు మాసి వీధుల్లోనే తిరుగుతుంది. తేరు రోజున ఆ వీధి ఖాళీగా ఉండాలన్నది మన కార్లకంటే కొన్ని వందల ఏండ్లు పాతది.

తరువాత ఇంగ్లీషువాళ్లు వచ్చినారు. 1840ల నాటికి కలెక్టర్ బ్లాక్‌బర్న్ కోట గోడలు పడగొట్టించి, అగడ్త పూడ్పించినాడు. ఆ జాగాలో వెలి వీధులు, మారెట్ వీధి, పెరుమాళ్ మేస్త్రి వీధి లేచినాయి. 1866లో మదురైకీ, కోయంబత్తూరుకూ మునిసిపాలిటీలు వచ్చినాయి. రాజు వేయించిన వీధి మునిసిపాలిటీ చేతికి పోయింది. ఎక్కడ ఏది నిలవాలో చెప్పే పని ఆఫీసులకు చేరింది.

కోయంబత్తూరు కథలో మోటారు ముందే కనబడుతుంది. మన జి.డి. నాయుడుగారు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి–పళని దారిలో మొదలుపెట్టి, యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెంచినారు. బస్సులు, కార్లు పెరిగినాయి గానీ, పాత ఊరి వీధులు వెడల్పు కాలేదు. మాసి నెలలో కోనియమ్మన్ తేరు తిరిగే రాజ వీధి, ఒప్పనక్కార వీధి, వైశ్యాల్ వీధి ఈనాటికీ ఊరిలో ఇరుకైన బజార్లే. తేరు, సరుకు, కారు ముగ్గురికీ ఉన్నది ఒకటే దారి.

ఇక చట్టం. దేశంలో మోటారు చట్టాలు 1914లో, 1939లో వచ్చినాయి. ఇప్పుడు నడిచేది 1988 చట్టం. 1989 జూలై 1 నుంచి అమలులో ఉంది. ఇందులో మూడు సెక్షన్లు మనం గుర్తు పెట్టుకోవాలి.

ఒకటి, 117. బండ్లు ఎక్కడ నిలపవచ్చో, ఎంతసేపు నిలపవచ్చో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది నియమించిన అధికారిది.

రెండు, 127. పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండిని, లేదా బహిరంగ స్థలంలో పది గంటలు, ఆపైన మనిషి లేకుండా వదిలేసిన బండిని తీయించవచ్చు, చక్రానికి తాళం వేయవచ్చు. కానీ దానికి ఆ పరిధిలోని, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి కావాలి. క్రేన్ కుర్రవాళ్లు తమంతట తాము ఈ సెక్షన్ కింద తీసుకుపోలేరు. అలా అనుమతితో తీసినప్పుడే క్రేన్ ఖర్చు ఓనరు మీద పడుతుంది. ఇంకొక సంగతి మనవాళ్లు చాలామంది మరిచిపోతారు. బోర్డు లేని చోటైనా పది గంటలు దాటితే తీయవచ్చు. కల్యాణానికి వచ్చి, రాత్రంతా వీధిలో కారు వదిలి పడుకునేవారు ఇది చూసుకోవాలి.

మూడు, 115. ప్రజల భద్రత, సౌకర్యం కోసం ఒక దారిలో బండ్లను ఆపవచ్చు. నెలకు మించకపోతే గెజెట్ ప్రకటన అక్కరలేదు, కానీ స్థానికంగా వీలైనంత ప్రచారం చేయాలి. తిరునాళ్ల ఆంక్షలకు ఇదే ఆధారం. ముందు రోజు సరిగ్గా పెట్టిన కారు, ఎవరికీ చెప్పకుండా మరునాడు తప్పు కారాదు. తేరు కోసం దాన్ని పక్క వీధికి తీసినా తప్పులేదు. ఎక్కడికి తీసినారో చెప్పకుండా, ఓనరు దగ్గర ఖర్చు, జరిమానా వసూలు చేస్తే మాత్రం మనం అడగాలి. ఏ సెక్షన్, ఏ ఉత్తరువు, ఏ రోజు ప్రకటించినారు అని రాతపూర్వకంగా అడగాలి.

కారుకు దెబ్బ తగిలితే? దీనికి 1967 సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. గుజరాత్ ప్రభుత్వానికీ మెమన్ మహమ్మద్ హాజీ హసన్‌కూ నడిచిన కేసు. 1947లో జునాగఢ్ కస్టమ్స్ రెండు లారీలు, ఒక స్టేషన్ వ్యాగన్ పట్టుకుంది. బండ్లను పట్టించుకోక వదిలేసినారు, చివరకు అమ్మేసినారు. తరువాత ఓనరుకు తిరిగి ఇవ్వాలని తీర్పు వచ్చేసరికి బండ్లు లేవు. మా మధ్య ఒప్పందమే లేదు కదా అన్నది ప్రభుత్వం. కోర్టు ఒప్పుకోలేదు. ఒకరి సొత్తును తన చేతిలో పెట్టుకున్నప్పుడు, ఒప్పందం లేకపోయినా, తగినంత జాగ్రత్తగా చూసే బాధ్యత ప్రభుత్వానికి ఉందన్నది. అది జప్తు కేసు, క్రేన్ కేసు కాదు. అయినా ఆ సూత్రం మనకూ పనికొస్తుంది. బండిని ముట్టినవారు దాన్ని కాపాడాలి.

కాబట్టి కారు నిలిపినప్పుడు చుట్టూ ఉన్న బోర్డులు కనబడేలా, టైముతో ఒక ఫోటో తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు రసీదు అడగండి. గీతలు, సొట్టలు ఉంటే అక్కడే రాయించండి. ఊరినుంచి వచ్చే చుట్టాలకు తేరు దారి ముందే చెప్పండి. మదురైలో ఉత్తర ఆవణి మూల వీధిలో కార్పొరేషన్ కట్టిన బహుళ అంతస్తుల పార్కింగ్ ఉంది, అది వాడుకోమనండి.

తేరుకు దారి విడవడం మన పెద్దల కాలం నుంచి మన మర్యాద. మనకు చెప్పి, మన సొత్తును చెడగొట్టకుండా కదపడం అధికారుల మర్యాద. ఈ ఏడు తిరునాళ్లకు ముందే, ఆంక్షలు ఏ రోజు, ఏ వీధుల్లో, తీసిన బండ్లు ఎక్కడ ఉంచుతారు అని అడుగుతూ మన సంఘం తరఫున రెండు ఊళ్లలోనూ ఒక అర్జీ ఇద్దామని మా ప్రతిపాదన. సంతకం పెట్టేవారు కింద పేరు రాయండి.