బడి వదిలిన తరువాత: అమెరికాలో పిల్లల సంరక్షణ కేంద్రాల చరిత్ర

పొలంలోనో, ఇంటి పరిశ్రమలోనో, కార్ఖానాలోనో పెద్దలతో పాటు పిల్లలూ పనిచేసినంత కాలం అమెరికా సమాజానికి వారి సాయంకాలాల గురించి ఆలోచించవలసిన అవసరం పెద్దగా కలగలేదు. 1852లో మసాచుసెట్స్‌తో మొదలైన నిర్బంధ విద్యా చట్టాలు 1918లో మిసిసిపీ ఆమోదంతో నాటి రాష్ట్రాలన్నిటికీ వ్యాపించి, బాలల చేత పని చేయించడం క్రమంగా తగ్గిన కొద్దీ, బడి వదిలిన వేళకూ తల్లిదండ్రులు ఇల్లు చేరే వేళకూ నడుమ ఎవరి బాధ్యతా కాని కొన్ని గంటలు మిగిలాయి. ఆ గంటలను ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నకు ప్రతి తరం తన అవసరాన్ని బట్టి సమాధానం చెప్పుకుంది.

తొలి సమాధానం దాతృత్వ సంస్థల నుంచి వచ్చింది. 1860లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో కొందరు మహిళలు వీధుల్లో తిరిగే బాలుర కోసం ఒక క్లబ్బు తెరిచారు; 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ చికాగోలో హల్ హౌస్‌ను స్థాపించారు. హల్ హౌస్ వంటి వాటిని సెటిల్‌మెంట్ హౌస్‌లు అనేవారు. అంటే చదువుకున్న మధ్యతరగతి వారు పేదల వాడలోనే నివాసం ఏర్పరచుకుని, ఇరుగుపొరుగు వారికి చదువు, వైద్యం, వినోదం అందించే ఇళ్లు. వలస కుటుంబాల పిల్లలను అమెరికన్ పద్ధతులకు అలవాటు చేయాలన్న ఆలోచన వాటి సేవలో కలిసే ఉండేదన్నది నిజమే అయినా, ఆటస్థలం, చేతిపనులు, సంగీతం కూడా పిల్లలకు అవసరమేనని గుర్తించిన ఘనత వాటికి దక్కాలి.

పిల్లలను ఎవరికి అప్పగించాలన్న ఎంపిక తల్లుల చేతికి వచ్చినది రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో. ఆయుధ కర్మాగారాల్లోకి, నౌకా నిర్మాణ కేంద్రాల్లోకి లక్షలాది మంది స్త్రీలు ప్రవేశించగా, యుద్ధ పరిశ్రమలున్న ఊళ్లలో వసతుల కోసం 1940లో చేసిన లాన్‌హామ్ చట్టం నిధులను పిల్లల సంరక్షణకు కూడా వినియోగించారు. 1944 జూలై నాటికి సుమారు 3,100 కేంద్రాల్లో దాదాపు 1,30,000 మంది పిల్లలు చేరారు. బడి ఈడు వారిని తరగతులకు ముందూ తరువాతా చూసుకునే ఏర్పాట్లు కూడా వీటిలో భాగమే. తల్లులు చెల్లించవలసిన రుసుము మొదట రోజుకు 50 సెంట్లు. అయినప్పటికీ ఆరంభంలో చాలా కేంద్రాలు నిండలేదు. కొన్ని ఇంటికీ పనికీ దూరంగా ఉండడం, తెరిచి ఉంచే వేళలు షిఫ్టులతో పొసగకపోవడం, ఆర్థిక మాంద్యపు రోజుల్లో పేదలకు నడిపిన శిశుపాఠశాలల జ్ఞాపకం వల్ల అక్కడికి పిల్లలను పంపడం చిన్నతనమని అనిపించడం ఇందుకు కారణాలు. పైగా చిన్నపిల్లల తల్లి స్థానం ఇల్లేనని ప్రభుత్వ శాఖలే చెబుతూ వచ్చాయి. చాలామంది తల్లులు అవ్వనో, అత్తనో, పొరుగింటి వారినో నమ్ముకున్నారు. దీన్ని అజ్ఞానంగా చూసిన నాటి అధికారుల దృష్టి సరైనది కాదు. దూరం, వేళ, గౌరవం అనే మూడు కొలతలతో ఆ తల్లులు జాగ్రత్తగానే తూచి చూసుకున్నారు. పోర్ట్‌లండ్‌లో నౌకలు నిర్మించే కైజర్ సంస్థ 1943లో నౌకాకేంద్రాల ద్వారం దగ్గరే, రాత్రింబవళ్లు నడిచేలా కేంద్రాలు కట్టి, ఇంటికి వెళ్లే తల్లికి వండిన భోజనం కూడా అమ్మే ఏర్పాటు చేయడం ఆ కొలతలను గుర్తించడమే.

యుద్ధం ముగియగానే, 1946 ఫిబ్రవరితో కేంద్ర ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. తల్లుల పట్టుదల ఫలించి కాలిఫోర్నియా మాత్రం రాష్ట్ర నిధులతో కేంద్రాలను నిలుపుకుంది.

1980 నాటికి 18 ఏళ్లలోపు పిల్లలున్న తల్లుల్లో సగానికి పైగా ఉద్యోగాల్లోనో ఉద్యోగాన్వేషణలోనో ఉండగా, తాళంచెవి పిల్లలు, అంటే ఇంటి తాళంచెవి తమ దగ్గరే పెట్టుకుని ఖాళీ ఇంటికి చేరే పిల్లలు, చర్చలోకి వచ్చారు. 1988లో లాస్ ఏంజెలిస్ మేయర్ టామ్ బ్రాడ్లీ చొరవతో ఎల్‌ఏస్ బెస్ట్ అనే బడి తరువాతి సంరక్షణ కార్యక్రమం మొదలైంది; 1994లో చట్టబద్ధమైన కేంద్ర ప్రభుత్వపు 21వ శతాబ్ది సామాజిక అభ్యసన కేంద్రాల పథకానికి కేటాయింపు 1998లో 4 కోట్ల డాలర్లు కాగా 2002కి 100 కోట్లకు పెరిగింది. అయితే ఈ నిధులతో పాటే పరీక్షల మార్కులు పెంచాలన్న ఒత్తిడీ వచ్చింది. 2003లో వెలువడిన జాతీయ మూల్యాంకనం చదువుపై వీటి ప్రభావం స్వల్పమేనని తేల్చింది. రోజంతా బల్ల ముందు కూర్చున్న బిడ్డకు సాయంత్రం మరో తరగతి పెట్టడాన్ని సంరక్షణ అనడం, సెటిల్‌మెంట్ హౌస్‌లు గుర్తించిన విలువను వదులుకోవడమే.

2015లో, ఉద్యోగ వీసాపై ఉన్నవారి కుటుంబ సభ్యులకు ఇచ్చే హెచ్-4 వీసా గలవారిలో కొందరికి ఉద్యోగ అనుమతి లభించిన తరువాత, అంతవరకు ఇంటిపట్టున ఉండవలసి వచ్చిన అనేకమంది తెలుగు తల్లులకు కూడా ఈ ఎంపిక అవసరమైంది. సందర్శక వీసాపై వచ్చే అమ్మమ్మా తాతయ్యలు కొన్ని నెలలకే తిరిగి వెళ్లిపోవడం వల్ల ఆ ఆసరా ఏడాది పొడవునా దొరకదు. పాఠశాలలే నడిపే కేంద్రాలకు చాలా రాష్ట్రాలు లైసెన్సు నుంచి మినహాయింపు ఇస్తున్నాయి కనుక, ఒక్కొక్క పర్యవేక్షకురాలి కింద ఎందరు పిల్లలుంటారో, సిబ్బంది ఎంత తరచుగా మారుతుంటారో, పిల్లలను ఎవరికి అప్పగించి పంపుతారో, ఆడుకోవడానికి ఎంత సమయం వదులుతారో తల్లిదండ్రులే స్వయంగా వెళ్లి అడిగి తెలుసుకోవలసి వస్తోంది.