తోకలు లేని అక్షరాలు: హోబో కథ

ఆంగ్ల లిపిలో హోబో అనే ఖతి ఒకటి ఉన్నది. పేరు వినకపోయినా దాన్ని చూసినవారు చాలామందే ఉంటారు. ఏ పిల్లల బడి బోర్డు మీదనో, ఏ మిఠాయి డబ్బా మీదనో ఎదురయ్యే ఉంటుంది. బొద్దుగా, కాళ్ళు వంకరపోయి, ఎండకు మెత్తబడిన మైనపు బొమ్మల్లా ఉంటాయి ఆ అక్షరాలు. అచ్చు కళ తెలిసినవారిలో పలువురు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు. నాకు మాత్రం దానిమీద అభిమానం. తెలుగు అక్షరాలు దిద్ది పెరిగిన కంటికి అది బొత్తిగా పరాయిదనిపించదు.

దీన్ని గీసినవాడు మోరిస్ ఫుల్లర్ బెంటన్ (1872-1948). 1892లో 23 టైపు పోత కర్మాగారాలు ఏకమై ఏర్పడిన అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థలో ఆయన ప్రధాన రూపకర్త. 1910లో ఆ సంస్థే హోబోను విడుదల చేసింది. విచిత్రమేమంటే, బెంటన్ చిలిపి కళాకారుడు కాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్రం చదివిన మనిషి. ఫ్రాంక్లిన్ గాథిక్, న్యూస్ గాథిక్ వంటి నిటారైన, నిక్కచ్చి అక్షరాలు ఆయనవే. తండ్రి లిన్ బాయిడ్ బెంటన్ 1880లలో ఒక చెక్కుడు యంత్రాన్ని కనిపెట్టాడు. పెద్దగా గీసిన నమూనా అంచు వెంట సూదిని నడిపిస్తే, అవతల లోహం మీద అదే ఆకారం చిన్నదిగా చెక్కబడుతుంది. అంతకుముందు ప్రతి అక్షరాన్నీ, ప్రతి పరిమాణంలోనూ చేత్తో చెక్కవలసి వచ్చేది. హోబో వంటి ఒంపుల అక్షరాన్ని అన్ని పరిమాణాల్లోనూ ఒకే తీరున నిలబెట్టడం ఆ యంత్రం వల్లనే సులువయిందని నా అభిప్రాయం.

హోబోలో రెండు వింతలున్నాయి. మొదటిది, అందులో తిన్నని గీత దాదాపు లేదు. ఆంగ్లంలో 'ఐ' అనే అక్షరం ఒక నిలువు గీతే కదా, అది కూడా ఇక్కడ నడుము వంచి నిలబడుతుంది. ఆ కాలపు యూరోపులో తీగలను, పూలకాడలను అనుకరించిన ఆర్ నూవో శైలి ప్రభావం ఇందులో స్పష్టం.

రెండవది మరింత సాహసం. చిన్నబడి అక్షరాల్లో జి, జె, పి, క్యూ, వై అనే అయిదింటికి తోకలు గీత కిందికి దిగుతాయి. బెంటన్ వాటిని దిగనివ్వలేదు. పొట్టను పైకి జరిపి, తోకను మడిచి, అన్నిటినీ ఒకే గీత మీద కూర్చోబెట్టాడు. ఇది కేవలం సరదా కాదు. సీసపు టైపులో ప్రతి అక్షరమూ ఒక దిమ్మ మీద ఉంటుంది. ఆ దిమ్మ అడుగున తోకల కోసం కొంత జాగా వదలాలి. తోకలే లేకపోతే ఆ జాగా అక్షరానికే దక్కుతుంది. అదే దిమ్మ మీద అక్షరం పెద్దదిగా కనిపిస్తుంది. ప్రకటనలు అచ్చువేసేవాడికి ఇంతకంటే కావలసినదేముంది!

పేరు గురించి కథలు ప్రచారంలో ఉన్నాయి. హోబో అంటే పని వెతుక్కుంటూ సామాను రైళ్ళెక్కి ఊళ్ళు తిరిగే కూలి. మన దేశదిమ్మరికి దగ్గరివాడు. (దిమ్మ మీది అక్షరానికి దిమ్మరి పేరు రావడం తెలుగులో మాత్రమే పండే చమత్కారం.) నమూనా పేరు లేకుండా చాలాకాలం కర్మాగారంలో పడి ఉండడంతో పనివాళ్ళు దాన్ని అలా పిలిచారని ఒక కథ. రష్యన్ లిపిలో 'నోవో', అంటే 'కొత్తది', అని పెద్దక్షరాలతో రాస్తే ఆంగ్లం చదివేవారికి అచ్చంగా 'హోబో' అనే కనిపిస్తుంది. ఏదో రష్యన్ ప్రకటన నుండి పేరు వచ్చిందని మరొక ఊహ. నాకు రెండోదే ముచ్చటగా తోస్తుంది కాని, నమ్మబుద్ధి అయ్యేది మొదటిదే.

ఇక తెలుగు సంగతి. తాటాకు మీద గంటంతో తిన్నని గీతలు గీస్తే ఆకు చీలుతుందనీ, అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయనీ అంటారు. ఆ గుండ్రదనంలో హోబో మనకు చుట్టమే. తోకల విషయంలో మాత్రం మన దారి వేరు. బెంటన్ కోసినవి అయిదు తోకలు, అర్థం చెడలేదు. తెలుగులో గీత కింద ఉండేవి తోకలు కావు, హల్లులు. 'స్వాతంత్ర్యం' అనే మాటలో వత్తులను తీసివేస్తే మాటే మిగలదు. వాటిని పైకి లాగి పక్కన కూర్చోబెడితే మాట పొడవు పెరుగుతుంది. కిందే ఉంచితే వరుసల మధ్య ఎడం పెంచాలి. తెలుగులో శీర్షికల ఖతి గీసే ప్రతివాడూ ఈ బేరం ఆడవలసిందే. ఎంత చిలిపి అక్షరమైనా ఇక్కడ నేలమాళిగను పూడ్చివేయడానికి వీల్లేదు.

1915లో హోబోకు సన్నని రూపం కూడా వచ్చింది. దాన్ని పోతపోసిన సంస్థ 1993లో మూతపడింది. అక్షరం మాత్రం సీసం నుండి ఫోటో టైపుకు, అక్కడినుండి కలనయంత్రానికి నడిచి వచ్చింది. వాడదలచినవారికి ఒక్క మాట: చిన్నబడి అక్షరాలతో ఒకటి రెండు పదాలు, పెద్ద పరిమాణంలో, ఒక్క వరుసగా. అన్నీ పెద్దబడి అక్షరాలతో పేరుస్తే తోకల ముచ్చట అక్కరకు రాదు. పేరా అంతా దానితో నింపితే మూడో వరుసకే కళ్ళు తిరుగుతాయి.