పొగచూరిన దూలాల కింద

జపాన్‌లోని షికొకు దీవిలో, కొండల మధ్య ఒక పల్లె. అక్కడొక పాత చెక్క ఇల్లు పన్నెండేళ్ళుగా తాళం వేసి ఉంది. నా స్నేహితురాలికి అది పుట్టిల్లు, ఆమె తల్లికి అత్తిల్లు. దాన్ని బాగుచేయించి, ప్రయాణికులకు రోజుల లెక్కన అద్దెకివ్వాలని స్నేహితురాలి ప్రయత్నం. కిందటేడు ఆమె పిలిస్తే వెళ్ళి మూడు వారాలు ఉన్నాను. నేను చదువుకున్నది సాహిత్యం. ఒక ఇంటిని విప్పుతుంటే దగ్గరుండి చూడటం అదే మొదటిసారి.

జపాన్‌లో ఇలా ఖాళీగా పడి ఉన్న ఇళ్ళని 'అకియా' అంటారు. 2023 ప్రభుత్వ సర్వే ప్రకారం ఇవి దాదాపు 90 లక్షలు, అంటే దేశంలోని మొత్తం ఇళ్ళలో 13.8 శాతం. పిల్లలు నగరాలకు వెళ్ళిపోయారు, జనాభా తగ్గుతోంది. ఇల్లు కూల్చేస్తే స్థలం మీద పన్ను రాయితీ పోతుంది కాబట్టి కూల్చరు కూడా. ఇందులో పాత పద్ధతి చెక్క ఇళ్ళని 'కొమింకా' అని మురిపెంగా పిలుచుకోవటం పెరిగింది. అమెరికన్ రచయిత అలెక్స్ కెర్ 1973లో ఇదే దీవిలోని ఇయా లోయలో పాడుబడ్డ గడ్డికప్పు ఇల్లు కొని బాగుచేసుకున్నాడు. తర్వాత అది అతిథులు బస చేసే ఇల్లయింది. ఆ దారిలో నడిచినవాళ్ళు ఎందరో. ఇళ్ళను ప్రయాణికులకు అద్దెకిచ్చుకునే చట్టం 2018 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఏడాదికి 180 రోజులు దాటకూడదని దాని నియమం.

మేస్త్రి చేయించిన మొదటి పని వంటింటి సీలింగు పీకించటం. చవకరకం ప్లైవుడ్ పలకలు ఒక్కొక్కటే ఊడి పడుతుంటే పైన దూలాలు బయటపడ్డాయి. తరాల పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతున్నాయి. అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. అతిథులు డబ్బిచ్చేది వీటిని చూడటానికేనన్నాడు మేస్త్రి. పొగచూరిన వెదురుకి కూడా అక్కడ మంచి ధర పలుకుతుంది. తర్వాత నేలమీది లినోలియం, గోడకున్న స్టీలు సింకు కూడా తీసేయాలన్నాడు. అవి ఇంటి అందాన్ని చెడగొడుతున్నాయట.

స్నేహితురాలి తల్లికి ఎనభై దాటాయి. కూతురితో పాటు నగరంలో ఉంటుంది. ఆ రోజు పని చూడటానికి వచ్చింది. చప్పట్లు కొట్టనిది ఆవిడొక్కతే. కాసేపటికి నెమ్మదిగా అంది: "ఆ సీలింగు నేను వేయించింది."

ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది 1961లో. కోడలిని జపనీయులు 'యొమె' అంటారు. రాసేటప్పుడు 'స్త్రీ' గుర్తు పక్కన 'ఇల్లు' గుర్తు పెడతారు. మన 'ఇల్లాలు'లోనూ ఇల్లు ఉంది కదా అనుకున్నాను. 1898 పౌర స్మృతి కుటుంబ పెద్దకి ఇంటి మీద, ఇంట్లోవాళ్ళ మీద అధికారం ఇచ్చింది. 1947లో ఆ స్మృతిని సవరించి అధికారం తీసేశారు. కానీ చట్టం మారిన రోజునే ఇంటి ప్లాను మారదు కదా!

ఆ ప్లాను చూడండి. దక్షిణం వైపు వెలుతురొచ్చే మంచి గది 'జషికి'. అది అతిథుల కోసం, ఇంట్లోవాళ్ళు వాడేది తక్కువ. వంట ఉత్తరం వైపు, చలిలో, చీకట్లో. 'దొమా' అనే మట్టినేల మీద మట్టిపొయ్యి. వండేది కింద, వడ్డించేది పైన చెక్కనేల మీద. అంటే రోజుకి ఎన్నిసార్లు దిగాలో ఎక్కాలో లెక్కలేదు. చెక్కనేల మధ్యలో 'ఇరోరి' అనే నిప్పుగుండం. దాని చుట్టూ ఎవరి చోటు వాళ్ళది. మట్టినేలకి ఎదురుగా, లోపలి వైపున ఇంటి యజమాని. ఒక పక్క ఇంటావిడ, ఇంకో పక్క అతిథి. మట్టినేలవైపు, కట్టెల మొదళ్ళు పెట్టే నాలుగో వైపు 'కిజిరి'. పేరుకి అర్థమే కట్టె చివర. కొత్త కోడలూ పనివాళ్ళూ కూర్చునే చోటది. పొగ గడ్డికప్పుకి పురుగు పట్టకుండా కాపాడుతుందని పుస్తకాల్లో చదివాను. అది నిజమే. ఆ పొగలో కళ్ళు మండించుకున్నదెవరో మాత్రం ఆ పుస్తకాల్లో లేదు.

జపనీస్ ఇంటి చీకటిని ప్రశంసిస్తూ తనిజాకి జునిచిరో రాసిన వ్యాసం 1933లో వెలువడటం మొదలైంది. ఎంఏ పిల్లలకి నేనూ దాన్ని ఇష్టంగా చెప్పాను. ఆ వ్యాసం చదివిన ఒక ఆర్కిటెక్టు అలాంటి ఇల్లే కట్టిస్తానని వస్తే, అందులో తానుండలేనని తనిజాకి అన్నాడట. ఈ సంగతి ఆయన భార్య చెప్పిందంటారు. నేను పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో ఆ చీకట్లో అంట్లు తోమిందెవరని ఒక్కసారీ అడగలేదు.

ఆ ప్రశ్న అడిగిన స్త్రీ ఉంది. జపాన్‌లో ఆర్కిటెక్టుగా అధికారిక గుర్తింపు పొందిన మొదటి మహిళ హమగుచి మిహో. జపనీస్ ఇళ్ళలోని భూస్వామ్య స్వభావం గురించి 1949లో ఒక పుస్తకమే రాసింది. హోదా చూపించుకోవటానికి కట్టే ముంగిలి, అతిథి గది అలంకరణ, ఉత్తరానికి నెట్టేసిన వంటిల్లు, వీటన్నిటినీ నిలదీసింది. 1955లో ఏర్పడిన ప్రభుత్వ గృహ సంస్థ అపార్టుమెంట్లలో వంటా భోజనమూ ఒకే గదిలోకి వచ్చాయి, స్టీలు సింకు వచ్చింది. ఆ వంటింటి రూపకల్పనలో ఆమె చెయ్యి ఉంది. పల్లెల్లో మార్పు ఇంకో దారిన వచ్చింది. 1948 వ్యవసాయాభివృద్ధి చట్టం కింద నియమించిన మహిళా కార్యకర్తలు ఆకుపచ్చ సైకిళ్ళ మీద ఊరూరా తిరిగారు. వాళ్ళు ముందు పట్టుకున్న సమస్య పొయ్యి. పొగగొట్టం ఉన్న పొయ్యి కట్టించుకోవటానికి ఆడవాళ్ళు సంఘాలు పెట్టుకుని, గుడ్లమ్మిన డబ్బు దాచుకున్నారు.

పెద్దావిడ కూడా అలాగే దాచింది. మట్టినేల మీద చెక్కనేల వేయించటానికి, చలీ మసీ పైనుంచి రాలకుండా సీలింగు కొట్టించటానికి, సింకు పెట్టించటానికి ఏడేళ్ళు పట్టింది. అత్తగారు మూడు నెలలు మాట్లాడలేదట. "మొదటిసారి నిలబడి కూర తరిగిన రోజు నడుం నొప్పి లేదు. అదేదో తప్పు చేసినట్టనిపించింది" అంది నవ్వుతూ.

అటక మీది సామానులో నాకొక వెదురు గొట్టం దొరికింది. ఏమిటని ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మా అమ్మమ్మ పొయ్యి ఊదుకునే గొట్టం ఇలాగే ఉండేది. కాకపోతే అది ఇనుపది.

అప్పుడు నాకర్థమైంది, ఇక్కడ పీకేస్తున్నది వికారమైన ప్లైవుడ్డునో లినోలియాన్నో కాదని. ఈ ఇంట్లో ఒక స్త్రీ సొంతంగా గెలుచుకున్నదంతా అదే. అంతకుముందున్నది 'సంప్రదాయం' అయింది, ఆమె చేసిన మార్పు 'చెత్త' అయింది. 'అసలు రూపం' తిరిగి తెస్తున్నామంటే ఎవరి అసలు రూపం? కోడళ్ళు గెలవకముందున్న రూపమే కదా! ఊరి ఆడపిల్లలు ఇలాంటి ఇళ్ళకి కోడళ్ళుగా వెళ్ళటానికి ఇష్టపడక నగరాలకి వెళ్ళిపోవటం కూడా ఈ ఇళ్ళు ఖాళీ కావటానికి ఒక కారణం. అతిథులకిచ్చే కరపత్రంలో అది కనపడదు.

ఇదంతా రాత్రి స్నేహితురాలితో అన్నాను. ఆమె కోపగించుకోలేదు గానీ నొచ్చుకుంది. "బ్యాంకు అప్పు నేను తీర్చాలి. అమ్మ సీలింగు చూడటానికి ఎవరొస్తారు?" అంది. ఆమె మాటా నిజమే. దూలాలు నిలబడకపోతే ఇల్లూ నిలబడదు, అమ్మ కథా మిగలదు. రేపు ఆ ఇంట్లో పక్కలు మార్చేదీ, బాత్‌రూములు కడిగేదీ గంటకింత అని కూలికొచ్చే ఊరి ఆడవాళ్ళే. అతిథి మర్యాద మళ్ళీ వాళ్ళ నడుం మీదే. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

చివరికి పెద్ద గదిలో దూలాలు కనపడేలా వదిలేశారు. వంటింటి సీలింగు మళ్ళీ వేయించారు. సింకు సొట్టలతో సహా ఉన్నచోటే ఉంది. అతిథుల కోసం రాసిన కాగితంలో 'కుటుంబమంతా నిప్పు చుట్టూ ఆనందంగా కూర్చునేది' అన్న వాక్యం దగ్గర ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఆఖరికి దాన్ని కొట్టేసి, నాలుగు చోట్ల పేర్లూ, ఎక్కడ ఎవరు కూర్చునేవారో రాశాం.

నేను బయల్దేరే ముందు రోజు ఇరోరిలో నిప్పు వేశారు. ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. స్నేహితురాలు తల్లిని లోపలి వైపు, ఒకప్పుడు ఇంటి యజమాని కూర్చున్న చోటికి రమ్మంది. ఆవిడ వినిపించుకోకుండా వెళ్ళి మట్టినేల పక్కన, కట్టెల దగ్గర కూర్చుంది. కూతురు మళ్ళీ పిలిస్తే చెయ్యి ఊపి అంది:

"ఇక్కడైతే లేవటానికి వీలుగా ఉంటుంది."